ఆ రెండక్షరాల మాట

మా థియేటర్లో కుర్చీలు ఊడదీసి సినిమా హాలు చేస్తారని తెలిసిన వారంలోనే మా ఆయన సినిమాలో పడ్డాడు. అది ముప్పై ఒకటో సంవత్సరం వేసవి. మాటల సినిమాలు కొత్తగా వచ్చి ఊరూరా నాటకాల వాళ్ళ నోట మట్టి కొడుతున్న రోజులు. సోన్ నది ఒడ్డున మా షలోన్ ఊళ్ళో థియేటరు మరీ పెద్దదేమీ కాదు. మూడు బాల్కనీలు, ఒక ఎర్ర తెర, లెక్కలేనన్ని ఎలుకలు. మా ఆయన ఎవారిస్ట్ బ్రెషార్ ఆ స్టేజీ మీద రాజులూ, ఫాదిరీలూ, పెళ్ళాల చేతిలో మోసపోయిన మొగుళ్ళూ, అన్నీ వేసేవాడు. నేను ప్రాంప్టర్ని.

స్టేజీ అంచున, దీపాల వరస మధ్య చెక్క గూడు ఒకటి ఉంటుంది. జనానికి దాని వీపే కనిపిస్తుంది. అందులో మోకాళ్ళు ముడుచుకుని, పుస్తకం పట్టుకుని కూర్చోవడం నా పని. ఎవరి నోట మాట ఆగినా నేను అందించాలి. అది వాళ్ళకి వినపడాలి, మొదటి వరసలో కూర్చున్న ఆసామికి మాత్రం వినపడకూడదు. పదకొండేళ్ళలో ఒక్కసారి కూడా నా గొంతు ఆ మొదటి వరస దాకా పోలేదు. గొప్ప చెప్పుకోవడం కాదుగానీ అది మాటలు కాదు.

ఎవారిస్ట్ గొంతు గురించి ఊరంతా చెప్పుకునేది. జ్ఞాపకశక్తి సంగతి నన్నడగాలి. ఏ నాటకమైనా, ఎన్నిసార్లు ఆడినా, ఒక్కచోట ఖాళీ అయిపోవాల్సిందే. కంగారుపడేవాడు కాదు. తల కొంచెం వంచి నా గూడు వైపు ఒక చూపు చూసేవాడు. బాల్కనీల్లో ఆడవాళ్ళు ఆ చూపుకే చేతిరుమాళ్ళు తీసేవాళ్ళు. "అబ్బ, ఎంత బాధో ఆ కళ్ళల్లో!" అని. బాధా లేదు, నా బొందా లేదు. తర్వాత మాటేమిటే అని అడుగుతున్నాడంతే! నేను అందించేదాన్ని, ఆయన అందుకుని హాలు అదిరిపోయేలా అనేవాడు.

ఆఖరి నాటకం ఆదివారం మధ్యాహ్నం ఆడాం. తెర దిగాక గ్రీన్ రూములోకి గడ్డం గీసుకోని కుర్రాడొకడు తోసుకుని వచ్చాడు. పేరు దెల్‌కూర్, పారిస్‌లో సినిమా డైరెక్టరట. మనిషి నిలబడ్డచోట నిలబడడు.

"మదామ్, మూడో అంకంలో కొడుకు పోయాడన్న కబురు విని మీ ఆయన అలా ఆగిపోయాడే, కిందికి చూశాడే! ఆ చూపు నాకు కావాలి. పారిస్‌లో అలా ఆగగలిగేవాడు ఒక్కడు లేడు. ఎక్కడ నేర్చుకున్నాడండీ?"

ఎవారిస్ట్ అతికించుకున్న మీసం ఊడదీసుకుంటూ అద్దంలోంచి నాకు కన్ను గీటాడు.

"ఆయనకి పుట్టుకతో వచ్చిందండీ" అన్నాను.

కాలవల మీద సరుకు పడవ నడిపే మనిషి కథట. బిడ్డ తప్ప ఎవరూ లేని తండ్రి. ఆ వేషం మా ఆయనది! నాకు కాళ్ళు నేల మీద ఆనలేదు. ఇంటికొచ్చేదారిలో చేపలమ్మే ఆవిడకి చెప్పాను, పొగాకు కొట్టువాడికి చెప్పాను, ఏడేళ్ళుగా మాటల్లేని మా మేడ కింద మనిషికి కూడా చెప్పేశాను.

చెప్పానేగానీ లోపల గుబులుగానే ఉంది. ఎందుకంటే సినిమా సంగతి విని ఆ వారంలోనే మా అన్నయ్య అంతెల్మ్ వచ్చి వేరే దారి చూపించి వెళ్ళాడు. వాడికి సెంతెతియెన్‌లో రిబ్బన్ల కొట్టు ఉంది. నాటకం మూతపడితే మమ్మల్ని ఆదుకోవాలని వాడి తాపత్రయం. మనసు మంచిదే. నోరే.

"సెప్టెంబరులో వచ్చి నా కౌంటర్లో నిలబడు బావా. వేరేవాడు అడుగుతున్నాడు, నీకోసం ఆపాను. సినిమా అంటావా, నీడలు ఎన్నాళ్ళు మాట్లాడతాయి? రిబ్బనంటే ఆడవాళ్ళున్నంత కాలం ఉంటుంది."

"ఆడవాళ్ళున్నంత కాలం కన్నీళ్ళూ ఉంటాయి బావగారూ. నాకొచ్చిన సరుకు అది" అన్నాడు ఎవారిస్ట్.

నవ్వుతూనే అన్నాడు. కానీ అన్నయ్య వెళ్ళాక, వాడు నాకిచ్చిన నీలం రిబ్బను చుట్ట విప్పి, ముక్కుకీ చేతికీ మధ్య కొలిచి చూశాడు. కత్తెర ఆడించాడు. "చిత్తం మదామ్, ఇంకేం కావాలి మదామ్" అన్నాడు గొంతు సన్నగా చేసి. నాకు ప్రాణం ఉసూరుమంది. రాజు వేషం వేసిన చేతులవి. ఈ సినిమా గట్టెక్కకపోతే ఆ చేతులు జన్మంతా రిబ్బన్లు కత్తిరిస్తాయని నాకు తెలుసు, ఆయనకీ తెలుసు.

మొదటిరోజే తేలిపోయిందనుకున్నాం. గొంతు పరీక్షకి పిలిచారు. మైకు ముందు నిలబడి మా ఆయన అలవాటు కొద్దీ పై బాల్కనీలో ఆఖరి కుర్చీకి వినపడేలా ఒక్క అరుపు అరిచాడు. సౌండు లారీలో కూర్చున్నవాడు చెవులకి పెట్టుకున్నవి పీకి పారేసి కిందికి దూకాడు.

"ముస్యూ బ్రెషార్! నా చెవులు! మైకు మీ ముక్కు దగ్గరే ఉంది. అది చెవిటిది కాదు!"

"మరి వెనక కూర్చున్నవాళ్ళకి?"

"వెనక ఎవరూ లేరండీ బాబూ!"

వెనక ఎవరూ లేకపోతే మాట ఎవరికి చెప్పాలి? ఆయనకి నిజంగానే అర్థం కాలేదు. ఇంటికొచ్చాక సూప్ గిన్నె మధ్యలో పెట్టుకుని నేను పాఠం మొదలుపెట్టాను. "వెనకవాళ్ళని వదిలెయ్. నాకొక్కదానికి చెప్పు. నేను గూట్లోంచి నీకెలా చెప్తానో అలా." మొదట్లో సూప్‌లో అలలు లేచేవి. పదిరోజుల్లో తగ్గాడు. ఒకరోజు, "నా బిడ్డ నిద్రపోతోంది, చప్పుడు చెయ్యకండి" అన్న మాట ఎంత మెల్లగా అన్నాడంటే నా ఒళ్ళు జలదరించింది. లేచి బుగ్గ మీద ముద్దు పెట్టేసుకున్నాను. అంత పెద్ద మనిషిలో అంత చిన్న గొంతు ఉందని నాకూ తెలియదు.

సినిమా స్క్రిప్టు ఎప్పట్లాగే నేను చదువుతుంటే ఆయన విని బట్టీ పట్టేవాడు. ఆఖరి పేజీకొచ్చాను. బిడ్డ ఒక్కతే ఉన్న పడవ కట్టు తెగి ఆనకట్ట వైపు కొట్టుకుపోతుంటుంది. తండ్రి గట్టున పరుగెత్తుకొచ్చి లాకు కాపలావాడికి అరుస్తాడు. ఆ అరిచే మాట చూసి నేను ఆగిపోయాను.

తాడు.

ఇప్పుడు కాగితం మీద పెట్టానుగానీ, అప్పుడు చచ్చినా అననిది. మా స్టేజీల మీద ఆ మాట ఎవరూ అనరు. నెత్తిన వేలాడేవన్నీ అవే. తెరలు, అడవులు, రాజమహళ్ళు అన్నీ వాటిమీదే ఎక్కుతాయి, దిగుతాయి. అయినా అనం. మోకంటాం, పగ్గమంటాం, దారమంటాం. ఎవడైనా కొత్తవాడు నోరు జారాడా, పని అక్కడికక్కడ ఆగిపోతుంది. వాడు అందరికీ వైను పోయిస్తేగానీ మళ్ళీ ఎవరూ చెయ్యి కదపరు. ఎందుకంటే అంతే! ఎవారిస్ట్ పద్దెనిమిదేళ్ళప్పుడు దిజోన్‌లో ఎవడో ఆ మాట అని నవ్వి ఊరుకున్నాడట. ఆ సాయంత్రం కోటగోడ సెట్టు విరిగి హీరోయిన్ పాదం మీద పడింది. ఈయన కళ్ళారా చూశాడు.

"ఏమైందే, చదువు" అన్నాడు.

"అది ఉంది ఇక్కడ" అన్నాను.

"ఏది?"

"అదే. పైన వేలాడేది."

మొహం పాలిపోయింది. "సరే, ప్రస్తుతానికి అది అనే అనుకుందాం" అన్నాడు. అలా ఆ నెలంతా మా వంటింట్లో బిడ్డ కొట్టుకుపోతుంటే తండ్రి, "అది! అది వెయ్యండి!" అని గుండెలు బాదుకునేవాడు. నవ్వొచ్చేది. రోజు దగ్గరపడేకొద్దీ నవ్వు తగ్గింది.

జులైలో కాలవ మీద షూటింగ్. అంత సందడి నా జన్మలో చూళ్ళేదు! గట్టు పొడవునా పోప్లార్ చెట్ల కింద లారీలు, వైర్లు, అద్దం పలకలు పట్టుకుని ఎండని ఇటూ అటూ తిప్పే మనుషులు. మా ఆయన వెలిసిపోయిన నీలం చొక్కాలో పడవ మీద నిలబడితే ఆ కాలవలోనే పుట్టినట్టున్నాడు. నేను గొడుగేసుకుని ఒక పక్క కూర్చుని రోజూ చూసేదాన్ని. అక్కడ ప్రాంప్టర్ అవసరం లేదట. రెండు మాటలు అనగానే ఆపేస్తారు, మళ్ళీ రెండు మాటలు. మర్చిపోవడానికి వ్యవధేదీ?

ఆఖరి దృశ్యం తీసే రోజు ఆదివారం. అన్నయ్య బుట్టలో కోడిమాంసం, చెర్రీలు, రెండు సీసాల వైను పెట్టుకుని సెంతెతియెన్ నుంచి రైల్లో వచ్చాడు. "చూద్దాం, ఏం ఏడిపిస్తాడో మా బావ" అని. పడవ మీద ఎర్రటోపీ పెట్టిన మైనపు బొమ్మని కూర్చోబెట్టారు. నిజం పిల్లనెవరు ఎక్కనిస్తారు?

దెల్‌కూర్ చెయ్యి దించాడు. పడవ కదిలింది. ఎవారిస్ట్ గట్టున పరుగెత్తుకొచ్చాడు, జుట్టు రేగిపోయి, బూటు ఒకటి ఊడిపోయి. లాకు దగ్గర ఆగి నోరు తెరిచాడు.

"మోకు! మోకు వెయ్యండి!"

"కట్! ముస్యూ బ్రెషార్, తాడు అనాలి."

"అవునవును. క్షమించాలి."

పడవని వెనక్కి లాక్కొచ్చారు. మళ్ళీ పరుగు. "పగ్గం!" మళ్ళీ లాగారు. మళ్ళీ పరుగు, ఈసారి చెమటలు కారిపోతూ, "దారం వెయ్యండి!"

లారీల దగ్గరున్నవాళ్ళు పొట్టలు పట్టుకుని నవ్వారు. "సూది కూడా వెయ్యమంటారా ముస్యూ?" అని అరిచాడొకడు. దెల్‌కూర్ నవ్వలేదు. వచ్చి ఎవారిస్ట్ భుజం మీద చెయ్యి వేశాడు.

"మాట మార్చమంటే మారుస్తానుగానీ, నాకు మనసొప్పడం లేదు. కన్నబిడ్డ కొట్టుకుపోతుంటే మనిషి మంచి మాట వెతుక్కోడండీ. పుట్టినప్పట్నుంచీ తెలిసిన మాటే వస్తుంది. మీరు వెతుక్కుంటున్నట్టు తెలిసిపోతోంది. భోంచేసి రండి, మూడింటికి ఇంకోసారి తీద్దాం. ఈ సాయంత్రం పడవ గోధుమలేసుకుని లియోన్ వెళ్ళిపోతుంది. అప్పటికీ రాకపోతే పారిస్‌లో ఇంకొకాయన్ని అనుకున్నాను. మొత్తం ఆయనతో మళ్ళీ తీసుకుంటాను. కోపం లేదు, నాకు వేరే దారి లేదు."

గడ్డిలో దుప్పటి పరిచి కూర్చున్నాం. ఎవరికీ ముద్ద దిగలేదు, అన్నయ్యకి తప్ప.

"ఒక్క మాట అనలేనివాణ్ణి పెట్టుకుని మాట్లాడే సినిమా తీస్తున్నారు, బాగుంది" అన్నాడు కోడి కాలు కొరుకుతూ. "ఇందులో ఏముంది బావా? తాడు. తాడు తాడు తాడు. చూడు, చచ్చానా?"

ఎవారిస్ట్ చటుక్కున లేచి మూడుసార్లు ఉమ్మి, పోప్లార్ మాను పట్టుకుని నిలబడ్డాడు. నేను అన్నయ్యని నాలుగు తిట్టి ఆయన వెనకాలే వెళ్ళాను.

"ఇక్కడ నీ నెత్తిన ఏముంది ఎవారిస్ట్? ఆకాశమేగా. అది ఊడి పడుతుందా?"

"ఏదో పడుతుందని కాదే తితీన్ నా భయం." నా పేరు లియొంటీన్, ఆయనకి మాత్రం తితీన్‌ని. "ఆ మాట అననివాళ్ళం మనం. బల్లలు కొట్టేవాడి నుంచి రాజు వేషంవాడి దాకా, అందరం. నాకు ఇంకో ఊరు లేదు, ఇంకో కులం లేదు. ఇంతమంది చూస్తుండగా ఆ మాట అన్నానంటే ఇక నేను వాళ్ళలోవాణ్ణి కాను."

"కుర్చీలు ఊడదీసేశారు కదా నాయనా."

"కుర్చీలు జనానివి. స్టేజీ ఇంకా ఉందిగా."

అది నా స్టేజీ కూడా. ఆ గూడు మీద సినిమా తెర దించుతారని నేను రోజూ తలుచుకుంటూనే ఉన్నాను, ఆయనతో అనలేదంతే.

"సరే, నేను ముందంటాను. నా వెంట నువ్వను" అన్నాను ధైర్యం చేసి. నోరు తెరిచాను. 'త' దగ్గరే నాలుక అతుక్కుపోయింది. మళ్ళీ తెరిచాను. ఊహూ. ఇద్దరం ఒకరి నోట్లోకి ఒకరం చూసుకుంటూ చేపల్లా నోళ్ళు తెరిచి మూస్తున్నాం. ముందు ఆయనకి నవ్వొచ్చింది, తర్వాత నాకు. చెట్టు పట్టుకుని కళ్ళ నీళ్ళొచ్చేదాకా నవ్వాం. దూరంగా మా అన్నయ్య, "పిచ్చెక్కింది ఇద్దరికీ" అని బుట్ట సర్దుకుంటున్నాడు.

మూడయింది. నాకు గొడుగు కింద కూర్చోబుద్ధి కాలేదు. లాకు కాపలావాడి పెరట్లో చిక్కుడు పాదు ఉంది, గట్టుకి ఆనుకుని. దాని వెనక దూరి మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్నాను. ఎందుకు కూర్చున్నానంటే ఏం చెప్పను, పదకొండేళ్ళ అలవాటు. ఎవరికీ చెప్పలేదు, ఆయనకీ చెప్పలేదు.

చెయ్యి దిగింది. పడవ కదిలింది. ఆయన వచ్చాడు, ఆగాడు, నోరు తెరిచాడు. ఈసారి మోకూ రాలేదు, పగ్గమూ రాలేదు. ఏదీ రాలేదు. ఖాళీ! బొమ్మ ఎర్రటోపీ ఆనకట్ట వైపు పోతోంది. ఎవరూ ఊపిరి తియ్యడం లేదు. ఎవారిస్ట్ తల కొంచెం వంచాడు. చిక్కుడాకుల మధ్య నేనెక్కడున్నానో అక్కడికే, నా కళ్ళలోకే చూశాడు.

"తాడు" అన్నాను.

అన్నానని తర్వాత తెలిసింది నాకు. మాట అందించాలి, అందించాను, అంతే.

"తాడు!" అని ఆయన అరిచాడు. "తాడు! తాడు వెయ్యండి!" కాలవ అటు గట్టున కుక్కలు మొరిగాయి. లాకు కాపలావాడి వేషంవాడు తన మాటలు మర్చిపోయి తాడు పట్టుకుని నిజంగానే పరుగెత్తాడు.

ఆకాశం ఉన్నచోటే ఉంది. దెల్‌కూర్ ఎగిరి వచ్చి మా ఆయన్ని కావలించుకున్నాడు. అందరూ అరుస్తున్నారు, టోపీలు ఎగరేస్తున్నారు. సౌండు లారీలోంచి మాత్రం ఒక చెయ్యి బయటికొచ్చి ఊగింది.

"ముందో ఆడగొంతు పడింది. 'తాడు' అని. శుభ్రంగా పడింది, ఈయన మాట కంటే శుభ్రంగా!"

అందరూ చిక్కుడు పాదు వైపు తిరిగారు. నేను జుట్టు నిండా ఆకులతో లేచి నిలబడ్డాను. సిగ్గుతో చచ్చిపోయాను. మొదటి వరసకే వినపడనిదాన్ని లారీలోకి వినపడ్డాను! ఎవారిస్ట్ నవ్వు ఆపుకోలేక నీళ్ళగట్టున కూలబడ్డాడు.

"వైను ఆవిడే పోయించాలి! మాలో మొదట అన్నది ఆవిడే!"

దెల్‌కూర్ నా దగ్గరికొచ్చి టోపీ తీసి చాలా మర్యాదగా అన్నాడు: "మదామ్, ఇంకోసారి తియ్యాలి. దయచేసి మీరు ఆ వంతెన అవతలికి వెళ్తారా?"

వెళ్ళాను. అన్నయ్య బుట్ట పట్టుకుని నా వెంట వచ్చాడు. వంతెన అవతల చాకిరేవు. నలుగురైదుగురు ఆడవాళ్ళు రాళ్ళ దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని దుప్పట్లు బాదుతున్నారు. వాళ్ళకి సినిమా గొడవ పట్టలేదు. అక్కణ్ణుంచి చెట్లు అడ్డం, ఏమీ కనిపించదు. పదకొండేళ్ళలో ఆయన నోరు తెరిచే వేళకి నేను ఎదురుగా లేకపోవడం అదే మొదలు. మళ్ళీ ఆగిపోతే? తల వంచి చూస్తే? చిక్కుడు పాదులో ఎవరుంటారు?

దూరంగా చెయ్యి దిగినట్టుంది. పడవ నీటి చప్పుడు వినిపించింది. ఆయన పరుగు వినిపించింది. ఆగింది. నా పెదాలు కదిలాయి, గట్టిగా మూసుకున్నాను.

"తాడు!"

నేను మా వంటింట్లో నేర్పిన గొంతు కాదు, థియేటర్ గొంతూ కాదు. నేనెప్పుడూ వినని గొంతు. బిడ్డ పోతున్న మనిషి గొంతు. "తాడు! తాడు వెయ్యండి!"

రేవులో బాదుడు ఆగిపోయింది. ఒకావిడ చేతిలో కర్ర పారేసి లేచింది. "అయ్యో, ఎవరి బిడ్డమ్మా!" అంటూ దుప్పట్లు ఆరేసిన తాడు గుంజ నుంచి లాగి తెంపింది. తెల్లదుప్పట్లన్నీ బురదలో పడ్డాయి. తాడు చుట్టగా చుట్టుకుంటూ గట్టెంట పరుగెత్తింది. మిగతావాళ్ళు ఆమె వెనక. పొద్దుట్నుంచీ ఆ బొమ్మని చూస్తూ కూర్చున్న మా అన్నయ్య, రిబ్బన్ల అంతెల్మ్, బుట్ట అక్కడే విసిరేసి, కోటు విప్పుకుంటూ వాళ్ళందరికంటే ముందు పరుగెత్తాడు.

ఈసారి మా ఆయన మాట కోసం నావైపు చూడలేదు. చూడనక్కర్లేదు. నాకు ఏడుపొచ్చింది, సంతోషమూ వచ్చింది, ఏది ముందొచ్చిందో తెలియదు. ప్రాంప్టర్లు చప్పట్లు కొట్టరు, చేతిలో పుస్తకం ఉంటుంది. నేను ఆ ఖాళీ రేవులో బురద దుప్పట్ల మధ్య నిలబడి, అరచేతులు మండిపోయేదాకా మా ఆయనకి చప్పట్లు కొట్టాను.